సాలిడ్ బుల్లెట్: లోతుకన్నా ముందు నేరుగా పోవాలి

ఏనుగు తల ఎంత పెద్దదైనా మెదడు మాత్రం పెద్ద బ్రెడ్డు దిమ్మంతే. బరువు ఐదు కిలోలు అటూ ఇటూ. అది నుదుటి వెనక ఉండదు. తల వెనక భాగంలో, కిందికి, రెండు చెవి రంధ్రాల మధ్య ఉంటుంది. దాని ముందూ పైనా ఉన్నదంతా తేనెపట్టులా గదులు గదులుగా ఉండే ఎముకే. ఎదురుగా నిలబడి కాల్చినప్పుడు బుల్లెట్ తోలునూ, తొండం మొదట్లోని కండనూ, ఆ గదుల ఎముకనూ దాటుకుంటూ సుమారు రెండడుగులు పోతేగానీ మెదడు తగలదు. ఆ దారిలో అది పది డిగ్రీలు పక్కకు మళ్లిందంటే, చివరికొచ్చేసరికి నాలుగంగుళాలు తప్పినట్టే. గురి తప్పలేదు, తుపాకీలో లోపం లేదు, అయినా ఏనుగు మాత్రం పడలేదు.

ఆఫ్రికా పెద్ద జంతువుల వేటకు ఏ బుల్లెట్ అని మొదలైన వాదం ఎప్పుడూ క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, సుమారుగా అంగుళాల్లో) దగ్గరే చిక్కుకుంటుంది. .375 సరిపోతుందా, .458 ఉండాలా, .470 డబుల్ రైఫిల్ (రెండు గొట్టాల తుపాకీ) అయితే ఎలా ఉంటుంది అని. చట్టం పెట్టిన కనీస హద్దు దాటాక క్యాలిబర్ తేడా తర్వాతి సంగతి. మొదటిది బుల్లెట్ ముక్కు ఆకారం. రెండోది మీ తుపాకీ ఆ బుల్లెట్‌ను ఒప్పుకుంటుందా లేదా అన్నది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి ఇదంతా మనకు దూరపు విషయమే. కెన్యాలోనూ 1977 నుంచి వేట లేదు. ఈ వ్యాసం కోటా, పర్మిట్ పెట్టి వేటను అనుమతించే నమీబియా, జింబాబ్వే, టాంజానియా, దక్షిణాఫ్రికా, 2019లో నిషేధం ఎత్తేసిన బోట్స్వానా లాంటి దేశాల గురించి.

మాటల్లో గందరగోళం రాకుండా ముందే ఒకటి చెప్పుకుందాం. ఇక్కడ తూటా అంటే ఇత్తడి కేసు, తుపాకీ మందు, బుల్లెట్ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికొచ్చే లోహపు ముక్క ఒక్కటే. దాని బరువు గ్రెయిన్లలో చెబుతారు. 7000 గ్రెయిన్లు ఒక పౌను, అంటే 500 గ్రెయిన్ల బుల్లెట్ 32.4 గ్రాములు తూగుతుంది.

సాలిడ్ అనదగినదేది

మామూలు వేట బుల్లెట్‌ను సాఫ్ట్ అంటారు. అది ఒంట్లో దిగగానే మూతి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. గాయం వెడల్పవుతుంది, లోతు తగ్గుతుంది. సాలిడ్ విచ్చుకోదు, ఎటు పంపితే అటు అదే ఆకారంలో పోవాలి. వీటిలో రెండు జాతులున్నాయి. పాత జాతిలో లోపల సీసం, దాని మీద మందపాటి ఉక్కు తొడుగు, ఆ పైన గొట్టం అరిగిపోకుండా రాగి మిశ్రమపు పూత ఉంటాయి. ఆస్ట్రేలియా కంపెనీ వుడ్‌లీ ఎఫ్‌ఎంజే (ఫుల్ మెటల్ జాకెట్, అంటే పూర్తి లోహపు తొడుగు), హార్నడీ డీజీఎస్ ఈ కోవలోవి. కొత్త జాతి మొత్తం ఒకే లోహం, ఇత్తడి గానీ రాగి గానీ. బార్న్స్ బ్యాండెడ్ సాలిడ్, కటింగ్ ఎడ్జ్, దక్షిణాఫ్రికాలో తయారయ్యే జీఎస్ కస్టమ్ ఇలాంటివి. వీటిని వాడుకలో మోనోమెటల్ అంటారు.

సైన్యాలు వాడే తూటాల్లోనూ ఎఫ్‌ఎంజే ఉంటుంది. పేరు ఒకటే గానీ పనికి దానికీ దీనికీ పోలిక లేదు. దాని తొడుగు పల్చన, మూతి సూది. మాంసంలోకి వెళ్లిన కాసేపటికే పల్టీ కొడుతుంది. పెట్టె మీద ‘ఫుల్ మెటల్ జాకెట్’ అని చూసి ఏనుగుకు కొనేస్తే మోసపోయినట్టే.

ఉక్కు తొడుగు సాలిడ్లు విఫలమయ్యే తీరు గుర్తుపెట్టుకోదగ్గది. వేగంగా వెళ్లి గట్టి ఎముకను గుద్దుకున్న క్షణంలో లోపలి సీసం ముద్దలా ప్రవర్తిస్తుంది. ముందు నుంచి ఒత్తిడి పడగానే వెనక తెరిచి ఉన్న అడుగు భాగంలోంచి పేస్టు ట్యూబులోంచి వచ్చినట్టు బయటికి తోసుకొస్తుంది. గుండ్రటి ఒళ్లు కోడిగుడ్డు ఆకారానికి నొక్కుకుపోతుంది, లేదంటే అరటిపండులా వంగుతుంది. వంగిన బుల్లెట్ దారీ వంకరే. జంతువును కోసి బయటికి తీసిన బుల్లెట్‌ను వెర్నియర్ మధ్య పెట్టి, ఒకసారి కొలిచి, తొంభై డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి. రెండు కొలతల్లో తేడా పదో వంతు మిల్లీమీటరు దాటితే ఆ రకం మీద నాకు నమ్మకం పోతుంది. ఏకలోహపు సాలిడ్‌లో ఈ గొడవ దాదాపు ఉండదు. దాని మీద గొట్టం గాడుల గీతలు తప్ప మరే మార్పూ కనిపించదు, తుడిచి మళ్లీ కేసులో పెట్టేయొచ్చేమో అన్నట్టు ఉంటుంది.

ముక్కు సంగతి

గాలిలో బుల్లెట్ నేరుగా పోవడానికి కారణం గొట్టం లోపలి మెలి తిరిగిన గాడులు దానికిచ్చే తిరుగుడు. బొంగరం తిరుగుతున్నంతసేపూ నిలబడ్డట్టే. కానీ మాంసం గాలికన్నా సుమారు 800 రెట్లు చిక్కన. గాలికి లెక్కగట్టి ఇచ్చిన ఆ తిరుగుడు అక్కడ ఒంటరిగా నిలబెట్టలేదు. మూతి సూదిగా ఉంటే బుల్లెట్ బరువంతా వెనకే ఉంటుంది, ఎదురు ఒత్తిడేమో ముందు పడుతుంది. చిన్న వంకర మొదలైందంటే ఆ ఒత్తిడే దాన్ని ఇంకా తిప్పేస్తుంది. అడ్డం తిరిగిన బుల్లెట్ ఎటు పోతుందో చెప్పలేం. ఎక్కువ దూరం మాత్రం పోదు.

గుండ్రటి మూతి సూది మూతికన్నా చాలా నయం. వందేళ్లు ఆఫ్రికా వేట దానితోనే నడిచింది. అయినా తడిపిన వార్తాపత్రికల కట్టల్లోకి కాల్చి చూస్తే, చివరి అంగుళాల్లో పక్కకు జారిపోయే బుల్లెట్లలో ఎక్కువ గుండ్రటి మూతివే. బల్లపరుపు మూతి ఉన్నవి అలా జారవు.

బల్లపరుపు మూతి ఎందుకు నేరుగా పోతుందంటే, దాని అంచు కండనూ ద్రవాన్నీ బలంగా పక్కలకు విసిరేస్తుంది. నీళ్లలో మొద్దు కర్రను వేగంగా తోస్తే దాని చుట్టూ ఖాళీ ఏర్పడినట్టు ఇక్కడా ఒక బోలు ఏర్పడుతుంది. బుల్లెట్‌కు ఆ ముందు బిళ్ల ఒక్కటే మాంసాన్ని తాకుతుంది, ఒళ్లంతా ఆ బోలులో గాలిలో ఉన్నట్టే ఉంటుంది. ఏ కాస్త పక్కకు వాలినా ఒళ్లు బోలు గోడకు తగిలి వెనక్కి సర్దుకుంటుంది. గుండ్రటి మూతిలో తాకే చోటు మూతి చుట్టూ పరుచుకుంటుంది, ఈ సర్దుబాటు అంత గట్టిగా ఉండదు. వుడ్‌లీ హైడ్రో అని పిలిచే సాలిడ్ మూతిలో చిన్న గిన్నె లాంటి గుంట ఉంటుంది. అదీ ఈ బోలు కోసమే.

బిళ్ల ఎంత వెడల్పుండాలి? బుల్లెట్ వ్యాసంలో 65 శాతం, ఆ పైన. .375కు అది 6.2 మిల్లీమీటర్లు, .458కు 7.6. కొనేముందు ఒక్క బుల్లెట్ తీసుకుని వెర్నియర్‌తో కొలవడానికి అర నిమిషం పట్టదు. కొన్ని రకాలకు పేరులో ‘ఫ్లాట్’ ఉంటుంది, బిళ్ల మాత్రం సగం వ్యాసం కూడా ఉండదు. అలాగని 75 శాతం దాటిస్తే లాభం లేదు. ఎదురు ఒత్తిడి పెరిగి లోతు తగ్గుతుంది, తూటాలు నిల్వ ఉండే మ్యాగజైన్లోంచి, కాల్చే ముందు తూటా కూర్చునే చాంబర్లోకి ఎక్కడంలో పేచీ మొదలవుతుంది.

బల్లపరుపు మూతికి ఇంకో లాభం ఉంది. దాని గాయం గుండ్రటి మూతి చేసిన దానికన్నా వెడల్పు. గుండ్రటి మూతి కండను పక్కకు నెట్టి జారిపోతుంది, వెనక అది మళ్లీ మూసుకుంటుంది. బల్లపరుపుది కోసుకుంటూ పోతుంది.

బెల్ చేసిన పని, దాన్ని తప్పుగా చదివేవాళ్లు

చిన్న తుపాకీ చాలనేవాళ్లు ఎప్పుడూ కారమోజో బెల్ పేరు తెస్తారు. డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే ఆ స్కాట్లండ్ వేటగాడు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెయ్యికి పైగా ఏనుగుల్ని పడగొట్టాడు, వాటిలో ఎక్కువ భాగం 7×57 మౌజర్ రైఫిల్‌తో. అంత చిన్న క్యాలిబర్ ఎలా పనిచేసిందన్నదానికి జవాబు అంకెల్లోనే ఉంది.

బుల్లెట్ బరువును పౌన్లలో తీసుకుని, వ్యాసాన్ని అంగుళాల్లో వర్గం చేసి భాగిస్తే వచ్చేదాన్ని సెక్షనల్ డెన్సిటీ అంటారు. మొన ఎంతకు ఎంత బరువు వెనక నుంచి తోస్తోందో చెప్పే లెక్క అది. బెల్ వాడిన 7 మిల్లీమీటర్ల, 173 గ్రెయిన్ల సాలిడ్‌కు ఇది 0.306. .375లో 300 గ్రెయిన్ల బుల్లెట్‌కు 0.305. రెండూ ఒకటే! .416లో 400 గ్రెయిన్లది 0.330, .458లో 500 గ్రెయిన్లది 0.341, .470లో 500 గ్రెయిన్లది 0.318. ఏనుగు తలకు 0.300 కింద ఉన్నది తీసుకోకపోవడం మంచిది.

అయితే బెల్ ఏనుగు పుర్రెలను రంపంతో కోయించి మెదడు ఏ కోణంలో ఎక్కడుంటుందో చదువుకున్నవాడు. మెదడు తప్పినప్పుడు ఆయన చేతిలోని 7 మిల్లీమీటర్ల బుల్లెట్ ఏనుగును ఆపేది కాదు. .458 అయితే మెదడు పక్కగా పోయినా చాలాసార్లు ఏనుగు కుదేలై ఒకటి రెండు క్షణాలు తూలుతుంది, రెండో దెబ్బకు సమయం చిక్కుతుంది. పెద్ద క్యాలిబర్‌తో అదనంగా దొరికేది ఆ రెండు క్షణాలే. లోతు కాదు.

వేగం, పొడవు, మెలిక

సాలిడ్‌కు ఎక్కువ వేగం అక్కర్లేదు. సెకనుకు 2100 నుంచి 2400 అడుగుల మధ్య, అంటే 640 నుంచి 730 మీటర్లు ఉంటే చాలు. మరీ వేగం పెంచితే ఉక్కు తొడుగు బుల్లెట్లు పైన చెప్పినట్టు వికారమవుతాయి. మరీ తగ్గితే ఏమవుతుందో 1956లో వచ్చిన .458 వించెస్టర్ మాగ్నమ్ తూటా చూపించింది. దాని కేసు రెండున్నర అంగుళాలే. 500 గ్రెయిన్ల బుల్లెట్ కింద మందును నొక్కి కూరాల్సి వచ్చేది. నిల్వలో ఆ మందు గడ్డకట్టి సరిగ్గా అంటుకోక వేగం 2000 అడుగుల కిందికి పడిపోయేది, ఏనుగు తలలో బుల్లెట్ సగంలో ఆగిపోయేది. ఆ చేదు నుంచే కేసును 2.8 అంగుళాలకు పెంచిన .458 లాట్ పుట్టింది. ఇప్పుడు మందులు మారాయి, వించెస్టర్ తూటాతో ఇబ్బంది లేదు. కానీ మోనోమెటల్ పెడితే పాత సమస్య తోక మళ్లీ కనిపిస్తుంది.

సీసం సాంద్రత 11.3. రాగిది 8.96, ఇత్తడిది సుమారు 8.5. అదే బరువు, అదే వ్యాసంలో ఇత్తడి బుల్లెట్ చేస్తే అది బాగా పొడవవుతుంది. ఆ అదనపు పొడవు కేసులోకి దిగి మందు చోటు తినేస్తుంది. అందుకే .458 వించెస్టర్‌లో మోనోమెటల్ అయితే 500 బదులు 450 గ్రెయిన్లది తీసుకోవడం తెలివైన పని. బల్లపరుపు మూతితో అది లోతులో 500 గ్రెయిన్ల గుండ్రటి మూతికి తీసిపోదు. పొడవైన బుల్లెట్‌కు గొట్టంలో గాడుల మెలికా బిగువుగా ఉండాలి. .375లో 12 అంగుళాలకు ఒక చుట్టు, .458లో 14కు ఒక చుట్టు ఉంటే బెంగ లేదు. పాత .416 రిగ్బీ రైఫిళ్లలో 16.5 అంగుళాలకు ఒక చుట్టు ఉండేది. అలాంటి దాంట్లో పొడవాటి ఇత్తడి సాలిడ్ పెట్టేముందు కాగితం మీద కాల్చి చూడాలి. రంధ్రం గుండ్రంగా కాక తాళం చెవి కంతలా పడితే ఆ బుల్లెట్ ఆ తుపాకీకి పనికిరాదు.

పాత డబుల్ రైఫిల్ ఉన్నవాళ్లకు

ఖరీదైన పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వందేళ్ల నాటి ఇంగ్లిషు డబుల్స్ గొట్టాలు పల్చన, ఉక్కు మెత్తన. సీసం ఉన్న బుల్లెట్ గాడుల్లోకి దిగేటప్పుడు లోపలికి కొంత నొక్కుకుని సర్దుకుంటుంది. ఇత్తడి సర్దుకోదు. నున్నటి ఒళ్లున్న మొదటితరం మోనోమెటల్స్ వాడిన కొన్ని తుపాకుల గొట్టం బయట, గాడుల మెలిక తాలూకు నీడ గీతల్లా తేలింది. ఇది ఎన్ని తుపాకుల్లో బుల్లెట్ వల్ల, ఎన్నింటిలో వేరే కారణం వల్ల అన్న వాదం ఉంది. ఆ వాదం తేల్చడానికి లక్షల విలువైన తుపాకీని పణం పెట్టక్కర్లేదు కదా. పాత డబుల్‌లో ఉక్కు తొడుగు వుడ్‌లీ రకమో, ఒంటి మీద పట్టీలు తీసిన మోనోమెటలో మాత్రమే వాడాలి. పట్టీల బుల్లెట్‌లో గాడులను పట్టుకునేవి ఆ సన్నటి పట్టీలే, నలిగిన లోహం మధ్యలోని పల్లాల్లోకి పోతుంది.

దానికన్నా ముందు గొట్టం కొలవాలి. ఖాళీ తుపాకీ గొట్టానికి లోపల నూనె రాసి, మెత్తటి సీసపు గుండును చెక్క లేదా ఇత్తడి కడ్డీతో ఒక కొస నుంచి రెండో కొసకు మెల్లగా తట్టుకుంటూ తీస్తారు. బయటికొచ్చిన సీసం మీద గాడుల అచ్చు పడుతుంది. దాన్ని మైక్రోమీటర్‌తో కొలిస్తే మీ గొట్టం అసలు వ్యాసం తెలుస్తుంది. పాత తుపాకుల్లో పేరు వేరు, కొలత వేరు. .470కు బుల్లెట్ 0.474, .450 నైట్రోకు 0.458, .404 జెఫ్రీకి 0.423 అంగుళాలు. ఆ .404ల్లోనే 0.421కి కోసిన గొట్టాలూ కనిపిస్తాయి. బుల్లెట్ గొట్టం కొలతకన్నా లావుండకూడదు. గాడుల సంఖ్య బేసి అయితే మామూలు మైక్రోమీటర్ తప్పు చెబుతుంది, తుపాకుల మేస్త్రీ దగ్గరికి వెళ్లడం మేలు.

డబుల్‌కు ఇంకో మెలిక ఉంది. రెండు గొట్టాల దెబ్బలూ ఒకేచోట పడేలా ఒక నిర్ణీత బరువుకూ వేగానికీ తయారీలోనే అతికి ఉంటాయి. .470కైతే 500 గ్రెయిన్లు, 2150 అడుగులు. వేగం తగ్గితే రెండు దెబ్బలూ పక్కలకు దూరమవుతాయి. పెరిగితే ఒకదాన్నొకటి దాటేస్తాయి. కాబట్టి తేలికపాటి మోనోమెటల్ బాగుందని డబుల్‌లో మార్చేయడానికి వీల్లేదు.

మ్యాగజైన్ రైఫిల్‌లో ఇరుక్కోవడం

కాగితం మీద శ్రేష్ఠమైన బుల్లెట్ అడవిలో పనికిరాకుండా పోయేది ఎక్కువగా ఈ ఒక్క కారణంతోనే. బిళ్ల మూతి అంచు చాంబర్ కింది పెదవికి తగిలి ఆగిపోతుంది. తూటాను ముందుకు నెట్టే బోల్ట్‌ను మెల్లగా తోస్తే ఎక్కుతుంది, కంగారులో గట్టిగా తోస్తే ఇరుకుతుంది. కొన్నిటిలో దీనికి తలకిందులు. మందు, దాన్ని అంటించే ప్రైమర్ లేని డమ్మీ తూటాలు నాలుగు చేసి రెండు రకాలుగానూ ఇరవై ముప్పైసార్లు ఎక్కించి దించాలి. మ్యాగజైన్ నిండా ఉన్నప్పుడు, ఒక్కటే మిగిలినప్పుడు విడివిడిగా చూడాలి, ఎందుకంటే తూటా పైకి లేచే కోణం మారుతుంది. ఒక్కసారి ఇరికినా వదిలేయకూడదు. మేస్త్రీ చేత తూటా చాంబర్లోకి ఎక్కే ఏటవాలు దారిని నున్న చేయించాలి, లేదా బుల్లెట్ మార్చాలి. స్విఫ్ట్ బ్రేక్‌అవే లాంటి వాటికి బల్లపరుపు మూతి మీద ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. ఎక్కేటప్పుడు గుండ్రటి మూతిలా జారి, తగలగానే టోపీ ఊడిపోతుంది.

పెద్ద తూటాల తన్నుకు మ్యాగజైన్లో ఉన్న మిగతా తూటాలు ముందు గోడకు కొట్టుకుంటాయి. కేసు మూతిని బుల్లెట్ గాడిలోకి గట్టిగా క్రింప్ చేయకపోతే (నొక్కి బిగించకపోతే) బుల్లెట్ లోపలికి దిగి, కాల్చినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పరీక్ష సులువే. ఒక తూటా పొడవు కొలిచి, గుర్తు పెట్టి, మ్యాగజైన్ అడుగున పెట్టండి. పైన మూడు కాల్చి దాన్ని తీసి మళ్లీ కొలవండి. పొడవు మారితే క్రింప్ చాలలేదు. డబుల్‌లో దీనికి ఎదురు జరుగుతుంది. కుడి గొట్టం పేలినప్పుడు ఎడమ గొట్టంలోని తూటా నుంచి బుల్లెట్ ముందుకు జారొచ్చు.

ఏ జంతువుకు ఏది

ఏనుగుకు సాలిడే. తలకైనా, గుండెకైనా. చెవి నుంచి చెవికి ఒక చీపురు కర్ర గుచ్చి ఉందనుకుని, ఏ వైపు నుంచి చూసినా ఆ కర్ర నడిమికి కాల్చమని అక్కడి ప్రొఫెషనల్ హంటర్లు నేర్పుతారు. పడగానే ఇంకొకటి కాల్చమనీ చెబుతారు, మెదడుకు పైనుంచి పోయిన దెబ్బకు సొమ్మసిల్లిన ఏనుగు లేచిపోతుంది గనక. నీటిలో నీటిగుర్రం మెదడుకు గురి పెట్టినా, గట్టు మీద ఎదురొచ్చినా సాలిడ్ సరైనది. సింహానికీ చిరుతకూ సాలిడ్ వద్దు. పల్చటి ఒంట్లోంచి దూసుకుపోయి గాయపడ్డ పిల్లిని పొదలోకి పంపడమే అవుతుంది. డిక్-డిక్, డైకర్ లాంటి చిట్టి లేళ్లకు తోలు పాడవకుండా సాలిడ్ వాడేవాళ్లున్నారు, అది వేరే లెక్క.

చిక్కంతా అడవిదున్నతో. మందలో ఉన్న దున్నకు సాలిడ్ కొడితే అవతలి వైపు బయటికొచ్చి వెనక నిలబడ్డ ఇంకో దున్నకు తగులుతుంది. గాయపడ్డ ప్రతి జంతువుకూ ట్రోఫీ ఫీజు కట్టాల్సిందే. అందుకే మొదటి దెబ్బ గట్టి రకం సాఫ్ట్‌తో, తర్వాతివన్నీ సాలిడ్‌తో అన్నది స్థిరపడిన పద్ధతి. మొదటి దెబ్బకు దున్న వెనుదిరిగి పరుగెడుతుంది. అప్పుడు దొరికేది వెనక భాగమే. అక్కణ్నుంచి గుండెకు చేరాలంటే తడి గడ్డితో నిండిన పెద్ద పొట్టను దాటాలి. ఆ గడ్డి ఇసుక మూటలా బుల్లెట్‌ను పట్టేస్తుంది, విచ్చుకున్న సాఫ్ట్ దాన్ని దాటదు. చాంబర్లో సాఫ్ట్, మ్యాగజైన్లో అడుగుదాకా సాలిడ్లు. డబుల్ అయితే ముందు పేలే గొట్టంలో సాఫ్ట్, రెండోదాంట్లో సాలిడ్. ఇది పనిచేయాలంటే రెండు రకాలూ ఒకే చోట తగలాలి. 50 గజాల్లో మూడేసి కాల్చి చూసినప్పుడు రెండు గుంపుల మధ్య రెండంగుళాలు మించితే జోడీ మార్చాలి. హార్నడీ డీజీఎక్స్-డీజీఎస్, వుడ్‌లీ సాఫ్ట్-ఎఫ్‌ఎంజే లాంటివి ఈ జోడీ కోసమే ఒకే ఆకారంలో వస్తాయి.

చట్టం లెక్క, ప్రయాణం లెక్క

నమీబియాలో ఏనుగు, దున్న లాంటి వాటికి గొట్టం మూతి దగ్గర కనీసం 5400 జౌళ్ల శక్తి ఉండాలి. జింబాబ్వేలో 5300 జౌళ్లు, 9.2 మిల్లీమీటర్ల వ్యాసం. .375లో 300 గ్రెయిన్లు 2530 అడుగుల వేగంతో వెళితే 5780 జౌళ్లు వస్తాయి, బాగానే ఉంది. అదే పొట్టి గొట్టంలో వేగం 2430కి పడితే సుమారు 5330 మాత్రమే. పెట్టె మీద రాసిన వేగం పొడవాటి గొట్టంతో కొలిచింది కావచ్చు. మీ తుపాకీ వేగం మీరు క్రోనోగ్రాఫ్‌తో కొలుచుకోవాలి. 9.3×62 తూటాలో 286 గ్రెయిన్లది 2360 అడుగులతో 4800 జౌళ్ల దగ్గరే ఆగుతుంది. ఏనుగు పుర్రెలో అది ఎంత బాగా పోయినా ఈ రెండు దేశాల కాగితం మీద చాలదు.

విమానంలో ఒక ప్రయాణికుడికి ప్యాకింగ్‌తో సహా ఐదు కిలోల తూటాలకే అనుమతి. .458 తూటా ఒక్కటే 50 గ్రాములు దాటుతుంది. అంటే వంద కూడా పట్టవు, అన్నీ అక్కర్లేదు కూడా. సాలిడ్లు నలభై, సాఫ్ట్‌లు ఇరవై తీసుకెళితే అక్కడ గురి సరిచూసుకోవడానికీ వేటకూ పోగా మిగులుతాయి. వాటిని ఒకే తయారీ బ్యాచ్ నుంచి తీసుకోవాలి. ఎండలో జీపు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకూడదు, మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది, కేసు చాంబర్లో పట్టేసి బయటికి రానంటుంది. బయల్దేరేముందు షూటింగ్ రేంజ్‌లో గొట్టం మట్టిదిబ్బ వైపు పెట్టి, ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోనివ్వకుండా, తీసుకెళ్లే ప్రతి తూటానూ ఒకసారి చాంబర్లోకి ఎక్కించి దించాలి. బోల్ట్ బిగుతుగా మూసుకున్నది ఒక్కటి దొరికినా పక్కన పెట్టేయాలి.